ముందుగాల చూసిన మొఖం

"పసిగుడ్డుకేం తెలుస్తుందమ్మా, ఎవరు పాలిస్తే వాళ్ళ దగ్గర పడుకుంటుంది" అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోయిన నెల మా అపార్టుమెంటులో ఒకావిడ లిఫ్టు దగ్గర ఇదే మాట అంది. పనిమనిషి చంక దిగనని ఒక పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆఫీసు నుంచి వచ్చిన తల్లి చేతులు చాపుకుని నిలబడింది. ఈవిడేమో పక్కన చేరి జ్ఞానం పంచుతోంది. నేను ఊరుకోవలసింది, ఊరుకోలేదు. "పసిగుడ్డుకు తెలిసినంత నీకూ నాకూ తెలియదు తల్లీ" అని గట్టిగానే అన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను చూస్తే మెట్ల మీంచి పోతోంది. పోనీ, మోకాళ్ళకు మంచిదే.

నేను బర్రెల మధ్య పుట్టినదాన్ని. పందొమ్మిదివందల యాభైల్లో, పాతబస్తీ మొఘల్‌పురాలో, మా ఇంటి వెనకే మా తబేలా ఉండేది. తబేలా అంటే పెద్ద పేరేగానీ, రేకుల కింద కట్టిన బర్రెల కొట్టం. బాపు సైకిలుకు డబ్బాలు కట్టుకుని నయాపూల్ దగ్గరి చాయ్ హోటళ్ళకు పాలు పోసి వచ్చేవాడు. బర్రెలకూ, ఇంటికీ, బాపుకూ కూడా యజమాని మా నాయనమ్మ. ఆమె నోటికి గల్లీ గల్లీ జడిసేది. మా అమ్మ ఆ నోటి కింద పదేళ్ళుగా తలొంచుకుని పేడ తీసిన మనిషి.

మా తబేలాలో ఒక పద్ధతి ఉండేది. బర్రెకు నొప్పులు మొదలవగానే నాయనమ్మ దాని కళ్ళ మీద గోనెసంచి కప్పి కొమ్ములకు కట్టేసేది. దూడ కింద పడీ పడగానే, ఇంకా ఆ జిగురు ఆరకముందే, రెండు కాళ్ళు పట్టుకుని బయటకు గుంజేసేది. బర్రె మెడ తిప్పి గాలిలో నాలుక ఆడించేది, అక్కడ ఏమీ ఉండేది కాదు.

"ముందుగాల ఎవల మొఖం సూస్తే ఆళ్ళే దూడకు తల్లి. ముందుగాల దేన్ని నాకితే అదే బర్రెకు బిడ్డ. గా రెండూ కాకముందే గుంజాలె. అప్పుడు దీనికీ ఏడ్పు లేదు, దానికీ ఏడ్పు లేదు" అనేది నాయనమ్మ.

దూడను ఒకసారి నాకిన బర్రె, ఆ దూడ ఎదుట లేనిదే పాలు చేపదు. పొదుగు రాయిలా బిగబట్టుకుంటుంది. దూడ చస్తే దాని తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టి మోసం చేయాలి. అసలు నాకనివ్వకపోతే ఈ తిప్పలేవీ ఉండవు, తవుడు ముందు పెడితే చాలు, చేపుతుంది. గుంజేసిన దూడ ఆడదైతే గంజీ పాలూ కలిపి పోసి పెంచేవాళ్ళం. మగదైతే మూలన కట్టేసి వట్టి గంజి పోసేవాళ్ళు. దాని సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఒక పొద్దున చూస్తే ఆ మూల ఖాళీగా ఉండేది.

నాయనమ్మ చెప్పేది అబద్ధం కాదని నాకు ఒక దూడ వల్ల తెలిసింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. మా పెద్ద బర్రె ఈనుతూ ఈనుతూ చచ్చిపోయింది. ఆడదూడ మిగిలింది. ఆ గొడవలో అందరూ చచ్చిన బర్రె చుట్టూ ఉన్నారు. దూడ దగ్గర నేనొక్కదాన్నే కూర్చుని నా లంగాతో దాని మొహం తుడిచాను. వేలు పాలలో ముంచి నోట్లో పెట్టాను. అంతే, అయిపోయింది! ఆ రోజు నుంచి అది నా వెనకే. నల్లా దగ్గరికి పోతే నల్లా దగ్గరికి, దుకాణానికి పోతే దుకాణానికి. బడికి పోతుంటే గల్లీ చివరి దాకా వచ్చి, పంతులమ్మను చూసి బెదిరి, నా కాళ్ళ మధ్య దూరబోయి నన్ను కింద పడేసింది. గల్లీలో పిల్లలంతా "దుడ్డెకు అమ్మ, దుడ్డెకు అమ్మ" అని ఏడిపించేవాళ్ళు. నాకు లోపల మస్తు గర్వంగా ఉండేది.

అదే వారంలో ఇంకో బర్రెకు దూడ చచ్చింది. ఆ బర్రె పొరపాటున దూడను నాకేసింది, ఇక చేపడం లేదు. నాయనమ్మ చచ్చిన దూడ తోలు ఒలిపించి నా దూడ వీపు మీద కప్పింది. బర్రె వాసన చూసి, మోసపోయి, నాకడం మొదలుపెట్టింది. కానీ నా దూడ మోసపోలేదు. తోలు ఈడ్చుకుంటూ నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. మూడుసార్లు పట్టుకెళ్తే మూడుసార్లూ వచ్చింది. బాపు నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆలోచించి, "ఏమే, నీ లంగ ఇడువు" అంది.

"ఎందుకు?"

"ఇడువు అంటున్న గద! లొల్లి చెయ్యకు."

నా లంగా తీసుకెళ్ళి బర్రె మెడకు కట్టింది. ఎర్ర పూల లంగా. బర్రె కొమ్ములూ, కింద నా ఎర్ర లంగా, చూసినవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. దూడ మాత్రం నవ్వులాట అనుకోలేదు. మెల్లగా వెళ్ళి, లంగాకు మూతి ఆనించి, వాసన పీల్చి, అక్కడి నుంచి పొదుగు దాకా పోయి తాగింది. చాలా రోజుల దాకా ఆ బర్రె నా లంగాతోనే నిలబడేది. ఆ వేళ మా అమ్మ గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని నిలబడి, దూడ తాగడం అయ్యేదాకా చూసింది. అమ్మ నవ్వలేదన్నది మాత్రం నాకు గుర్తుంది.

అమ్మ ఎందుకు నవ్వుతుంది? నా తర్వాత ముగ్గురు పుట్టి, ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారు. ఒకరికి జ్వరం, ఒకరికి ఫిట్సు, మూడో బిడ్డకు ఏమైందో కూడా తెలియదు. ముగ్గురినీ గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని పూడ్చడానికి తీసుకెళ్ళింది నాయనమ్మే. మగవాళ్ళకు ఆ ధైర్యం లేకపోయింది. ఇప్పుడు అమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. అమ్మకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే, ఈ బిడ్డ బతకాలి. నగలు వద్దు, పట్టుచీర వద్దు, మగపిల్లాడే పుట్టాలనీ లేదు. "ఎవ్వలైనా సరే, ఉంటే సాలు" అని పేడ తట్టలు మోస్తూ కూడా గొణుక్కునేది.

పిల్లలు నిలవని ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. పుట్టిన బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. ఎవరో ఒకామె ఎత్తుకుని, గుప్పెడు తవుడిచ్చి, కొనుక్కున్నట్టు చేస్తుంది. కాసేపటికి తల్లి అదే తవుడు తిరిగిచ్చి బిడ్డను తెచ్చుకుంటుంది. పెంట మీద దొరికినదాన్ని, పరాయిదాన్ని, చావు ఎందుకు పట్టించుకుంటుందని నమ్మకం. మూడో బిడ్డకు మావాళ్ళు అది కూడా చేశారు. అయినా పోయింది.

నాయనమ్మ దీని మీద బాగా ఆలోచించింది. తన బర్రెల తెలివంతా ఉపయోగించింది.

"గడియ సేపు అమ్మి గడియ సేపట్ల తెచ్చుకుంటే యముడు గుడ్డోడా? గది ఆటనే గద. ఈసారి నిజంగ అమ్మాలె. బిడ్డ దీని మొఖం సూడొద్దు, ఇది బిడ్డ మొఖం సూడొద్దు. ఏడాది నిండేదాక ఆడనే పెరగాలె. అయినా యముడు సాయిబులింట్ల ఎందుకు దేవులాడుతడే?"

సాయిబులిల్లంటే మా పక్కిల్లు. నేను ఖాలా అని పిలిచే ఆమె ఉండేది అక్కడ. ఆమె భర్త పాత సర్కారులో సిపాయి. పోలీసు యాక్షన్ అయ్యాక నౌకరీ పోయి, దొరికిన పని చేసుకునేవాడు. ఖాలాకు పిల్లలు లేరు. అమ్మకు నెలలు నిండే సమయానికే ఆమెకు కాన్పయింది. పుట్టిన బిడ్డకు ఊపిరి లేదు. రొమ్ములు గడ్డలు కట్టి, గోడ అవతల ఆమె మూలగడం మాకు వినబడేది. నాయనమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుని తన ఆలోచన చెప్పింది. ఖాలా నాయనమ్మ కాళ్ళు పట్టుకుందట.

వానాకాలం మొదట్లో, ఒక మధ్యాహ్నం అమ్మ కన్నది. నేను గుమ్మం బయటే ఉన్నాను. బిడ్డ ఏడుపు వినబడగానే తలుపు సందులోంచి చూశాను. మంత్రసాని బిడ్డను ఎత్తింది. అమ్మ కళ్ళ మీద నాయనమ్మ తన కొంగు కప్పి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది. అమ్మ చేతులు గాలిలో తడుముతున్నాయి.

"ఆడిబిడ్డనా? మొగోడా?" అంటోంది అమ్మ.

"ఏదైతేంది? గిది నీది కాదు. సూడకు. సూడకుంటె నీకూ ఏడ్పు లేదు, దానికీ ఏడ్పు లేదు" అంది నాయనమ్మ. ఆ మాట అంటూ ఆమె తన మొహం కూడా గోడ వైపు తిప్పుకుంది. అది కూడా చెప్పాలి, లేకపోతే పాపం.

చాటలో బిడ్డను వేసి మా పేడకుప్ప మీద పెట్టారు. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఖాలా వచ్చి, చాట పక్కన గుప్పెడు తవుడు పోసి, బిడ్డను ఎత్తుకుని తన ఆకుపచ్చ దుపట్టాలో చుట్టుకుంది. అక్కడే, చినుకుల్లోనే, రొమ్ము నోటికిచ్చింది. బిడ్డ గుటకలు వేస్తూ ఖాలా మొహంలోకి చూస్తోంది. పుట్టినప్పుడు ఏమీ కనబడదని డాక్టర్లు అంటారేమో, అననీ. అది చూస్తోంది. నేను దూడను చూసినదాన్ని, నాకు తెలుసు.

అందరూ బర్రె సంగతి ఆలోచించారు గానీ, మనిషికి చెవులుంటాయని మరిచిపోయారు. గోడ అవతల బిడ్డ ఏడిస్తే ఇవతల అమ్మ రవిక తడిసిపోయేది. వంట చేస్తూ, పేడ తీస్తూ, ఉన్నపళాన గోడకు నుదురు ఆనించి నిలబడేది. పాలు పిండి గోడ మొదట్లో పోసేది. అలా ఎన్నో రోజులు పోసింది. అవతలి నుంచి ఏడుపు ఆగిపోతే, అంటే ఖాలా పాలిచ్చిందన్నమాట, అమ్మ కూడా కళ్ళు తుడుచుకుని పనిలోకి పోయేది.

నెలలు గడిచాక నాయనమ్మ కొంచెం మెత్తబడింది. బిడ్డ నిన్ను చూడకుంటే చాలు, నువ్వు చూసుకో అంది. అప్పటి నుంచి ఖాలా వాకిట్లో బిడ్డను ఆడించే వేళకు అమ్మ మా గుమ్మానికి వేలాడే గోనెపరదా వెనక నిలబడి, దాని చిల్లులోంచి చూసేది. చెల్లె బొద్దుగా పెరిగింది. పాకింది, నిలబడింది, నడిచింది. ఖాలా దుపట్టా చెంగు పట్టుకుని ఆమె ఎటు పోతే అటు తిరిగేది, అచ్చం నా దూడలాగే. ఖాలా పాన్ నమిలేది, లవంగం వాసన. సాయంత్రం ఊదు వేసేది. ఆ వాసనలన్నీ ఆ దుపట్టాలో ఉండేవి. నిద్రొస్తే చెల్లె ఆ చెంగును ముక్కు మీద వేసుకుని పడుకునేది. ఖాలా దానికి ఒక ముద్దుపేరు పెట్టుకుంది. ఆ పేరు నేను రాయను.

ఏడాది నిండింది. అమ్మ పరదా వెనక నుంచి అత్త వైపు చూసింది.

"ఆగు. నిండంగనే తెస్తే యముడు ఇంకా కాసుక్కూసుంటడేమో. రెండో ఎండాకాలం దాటనీ" అంది నాయనమ్మ.

బిడ్డ బతికి ఉంది, ఒంటి మీద కండ పట్టింది. అలాంటప్పుడు ఎవరైనా ఏం వాదిస్తారు? అమ్మ "సరే అత్తా" అంది. ఆమెకు వచ్చిన జవాబు అదొక్కటే.

రెండో ఎండాకాలం సగంలో ఉండగా ఖాలా భర్తను కరాచీలో ఉన్న అన్న పిలిపించుకున్నాడు. ఇల్లు ఖాళీ చేయాలి. వెళ్ళే ముందు రోజు పొద్దున ఖాలా చెల్లెను చంకనేసుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. అమ్మ అలవాటు ప్రకారం పరదా వెనక్కి తప్పుకుంది.

"అమ్మా, నువ్వు అమ్మినవ్, నేను కొన్న. తవుడిచ్చి కొన్న. నాతోని తీస్కపోత. నక్కో అనకు, వద్దనకు అమ్మా" అంది ఖాలా నాయనమ్మతో.

"అరే, గది ఉత్త రివాజు గదనే!" అంది నాయనమ్మ.

"హౌ, రివాజే. మరి పాలు? పాలు గూడ రివాజేనా?"

బాపు సైకిలు పట్టుకుని నిలబడి "మీరూ మీరూ సూస్కోండ్రి" అని నేల చూశాడు. చెల్లె ఖాలా భుజం మీద గడ్డం ఆనించి మా కోడిపుంజును చూసి నవ్వుతోంది. నాయనమ్మ ఆ నవ్వు మొహాన్ని చూసింది, పరదాను చూసింది. "ఏమంటవే కోడలా?" అంది. ఈ ఇంట్లో అమ్మను ఎవరైనా ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదలు.

పరదా తొలగించి అమ్మ బయటకొచ్చింది. ఎండలో, బిడ్డకు ఎదురుగా నిలబడింది.

"నేనియ్య" అంది. "నా బిడ్డను నేనియ్య."

లోపలికి పోయి, అదే చాటలో తవుడు తెచ్చి, ఖాలా ముందు గుమ్మరించింది. గుప్పెడు కాదు, చాటెడు. బిడ్డ కోసం చేతులు చాపింది. చెల్లె ఆ కొత్త మనిషిని ఒక్క క్షణం చూసి, ఖాలా మెడలో మొహం దాచుకుంది. ఖాలా తవుడులో కూలబడి "నీదే బహెన్, నీదే. నేనేమంట?" అని ఏడ్చింది. ఖాలాతో పంపిస్తే చెల్లె బతికేదేమో. ఆ మాట అప్పుడు ఎవరికి తెలుసు? తొమ్మిది నెలలు మోసి, రెండేళ్ళు చిల్లులోంచి చూసిన తల్లిని ఇంకేం అడగమంటారు? చేతులు కాలాక ఆకులు పట్టుకోమని చెప్పడానికి నూరుమంది వస్తారు.

మర్నాడు రిక్షా వచ్చింది. చెల్లెను మా లోపలి గదిలో పెట్టి తలుపేశారు. ఖాలా బురఖా వేసుకుని మా గుమ్మం దాకా వచ్చి, తన ఆకుపచ్చ దుపట్టా మడిచి నా చేతిలో పెట్టింది.

"నిద్ర రాకుంటె కప్పు బేటా. ఉతకకుండ్రి" అంది. లోపలి నుంచి చెల్లె "అమ్మీ, అమ్మీ" అని తలుపు కొడుతోంది. ఖాలా చెవుల మీద చేతులు పెట్టుకుని రిక్షా ఎక్కింది.

నాయనమ్మ ఆ దుపట్టాను నా చేతిలోంచి లాక్కుని అటక మీద విసిరేసింది. "గది కండ్లవడితె ఇంకా యాదికొస్తది. రెండొద్దులు ఏడుస్తది, ఊకుంటది. ఫికర్ జెయ్యకుండ్రి. కడుపు కాలితె దూడ ఎవలదగ్గరైనా తాగుతది."

తాగలేదు. అమ్మ గిన్నె పట్టుకుని వెనక వెనకే తిరిగింది. పాలలో బెల్లం వేసింది, అన్నం మెత్తగా పిసికింది, బతిమాలింది. దగ్గరికి పోతే చాలు, చెల్లె ఒళ్ళు విరుచుకుని అరిచేది. తలుపు కొట్టి కొట్టి, చేతులు నొప్పెట్టి, గుమ్మం దగ్గర అలాగే పడి నిద్రపోయేది. లేచి మళ్ళీ "అమ్మీ" అనేది. నేనెత్తుకుంటే ఊరుకునేది గానీ తినేది కాదు. చెంపలు లోపలికి పోయాయి. పైన రేకులు మండిపోయే ఎండ. నాయనమ్మ అంత్రం కట్టించింది, దిష్టి తీసింది. మూడో బిడ్డకు కట్టిన తాయెత్తు తీసి దీనికి కట్టబోతే అమ్మ తెంపి పారేసింది.

తర్వాత అమ్మ చేసిన పని చూసి నేను నివ్వెరపోయాను. తబేలాలోంచి చేతులు కడుక్కుని వచ్చి, నిచ్చెన వేసి, అటక మీది దుపట్టా దింపింది. నా వంక చూసి, "నీ లంగ కట్టినప్పుడు దూడ తాగింది గద" అంది. లవంగం నోట్లో వేసుకుని నమిలింది. ఖాలా ఎలా కూర్చునేదో అమ్మకు తెలుసు. రెండేళ్ళు చూసింది కదా! అలాగే ఒక మోకాలు పైకి పెట్టి గోడకు ఆనుకుని కూర్చుని, దుపట్టా తల మీంచి మొహం కిందికి దించుకుంది. గొంతు మార్చి, గోడకు చెవి ఆనించి నేర్చుకున్న మాటలన్నీ, "ఆజా బేటీ, ఆజా మేరీ జాన్", ఖాలాలాగే సాగదీసి అంది.

గుమ్మం దగ్గర పడుకున్న చెల్లె తలెత్తింది. లేచి, తూలుకుంటూ వచ్చింది. దుపట్టా చెంగు ముక్కుకు ఆనించుకుని పీల్చింది. ఒళ్ళో ఎక్కి కూర్చుంది. అమ్మ గిన్నె మూతికి పెడితే తాగింది. నేను చూస్తున్నాను. పల్చటి ఆకుపచ్చ గుడ్డ కింద అమ్మ మొహం తడిసి ముద్దయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కన్న తర్వాత మొదటిసారి బిడ్డను ఒళ్ళో పెట్టుకుంది, అదీ ఇంకొకరి ముసుగులో. గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మ అది చూసి తబేలాలోకి పోయి, చాలాసేపు బయటకు రాలేదు.

అలా కొన్ని పూటలు నడిచింది. చెల్లె ముసుగులోని మనిషి దగ్గర తాగేది, ముసుగులోని మనిషి మీద పడుకునేది. ఆశ చెడ్డది. అమ్మ ఒక పొద్దున, అలవాటైందిలే అనుకుని, పాలు తాగుతుండగా ముసుగు కొంచెం పైకి తీసి "బిడ్డా" అంది. చెల్లె గిన్నె తన్నేసి, గోడ దాకా పాకిపోయి అరిచింది. అమ్మ గబగబా ముసుగు దించుకుని "నై బేటీ, నై బేటీ" అంటూ ముందుకు వంగింది. ఆ తర్వాత మళ్ళీ తీయలేదు.

కానీ తిండి మానిన రోజులు లోపల ఏదో పాడుచేశాయి. వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. తాగింది తాగినట్టే పోయేది. పెద్ద దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు చర్మం పట్టుకుని లాగి చూసి, ఒంట్లో నీళ్ళు లేవమ్మా, ముందే తేవలసింది అన్నాడు. సూది వేశాడు. దానికి ఏదో రోగం పేరు చెప్పాడు. బాపు ఆ పేరు పట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. చెప్పనీ, ఆయనకూ ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

ఇంటికి తెచ్చిన మధ్యాహ్నం అమ్మ దుపట్టా కప్పుకునే కూర్చుంది. చెల్లె ఒళ్ళో వాడిపోయిన తోటకూరలా పడి ఉంది. నేను విసనకర్రతో విసురుతున్నాను. ఉన్నట్టుండి చెల్లె చెయ్యెత్తి చెంగు పట్టుకుని లాగింది. ముసుగు జారింది. అమ్మ పట్టుకోబోయి, ఆగిపోయింది. చెల్లె అమ్మ మొహంలోకి చూసింది. అరవలేదు, తల తిప్పుకోలేదు, అలాగే చూస్తూ ఉంది. కాసేపటికి నాయనమ్మ వచ్చి, వంగి, చెల్లె కళ్ళు మూసింది.

"నన్ను సూసింది గని ఏడ్వలే. సూసినవా? ఏడ్వలే" అని అమ్మ నన్ను పట్టుకుని ఊపేసింది. "సూసిన అమ్మా, ఏడ్వలే" అన్నాను. ఏడవడానికి దాంట్లో బలం లేదని నాకు తెలుసు. పదేళ్ళ పిల్లకు ఆపాటి తెలుస్తుంది. అమ్మ ఆ మాట తర్వాత కూడా ఎందరికో చెప్పింది, ప్రతిసారీ సాక్ష్యానికి నా వైపు చూసేది. ప్రతిసారీ నేను తలూపాను.

చెల్లెను ఆ దుపట్టాలోనే చుట్టింది అమ్మ. నాయనమ్మ చేతులు చాపితే ఇవ్వలేదు. ఈసారి తనే చంకన పెట్టుకుని, బాపు వెనక నడిచి వెళ్ళింది. నాయనమ్మ వాకిట్లోనే మిగిలింది. అప్పటి నుంచి ఆమె నోరు సద్దుమణిగింది. గల్లీలో కుర్రాళ్ళు అల్లరి చేసినా తిట్టేది కాదు. నలుగురిని పూడ్చిన ఇల్లు, ఎవరి మీద అరుస్తుంది?

వానలు పడ్డాక మా పడ్డకు, ఇంకా ఒక్కసారీ ఈనని పడుచు బర్రెకు, నొప్పులు మొదలయ్యాయి. నాయనమ్మ అలవాటు కొద్దీ గోనెసంచి తీసుకుని లేచింది. పడ్డ కళ్ళ మీద కప్పబోయింది. పేడ తీస్తున్న అమ్మ తట్ట కింద పడేసి వచ్చి, పడ్డకూ అత్తకూ మధ్య నిలబడింది.

"వద్దత్తా" అంది.

"పాలు చేపదే. నాకిందంటె మల్ల దూడ లేంది..."

"చేపకుంటె మానె. ముందుగాల దాన్ని సూడనియ్యి. నాకనియ్యి."

దూడ కింద పడింది. మగదూడ. పడ్డకు అది మొదటి ఈత, ఏం చేయాలో తెలియక బెదిరి చూసింది. అమ్మ దూడను ఈడ్చి దాని మూతి కిందికి జరిపి, పక్కనే పేడలో కూలబడింది. పడ్డ మెడ వంచి వాసన చూసింది. ఒకసారి నాకింది. ఆపై ఆగకుండా నాకుతూనే ఉంది, తల, చెవులు, కళ్ళు. నాయనమ్మ చేతిలో సంచి పట్టుకుని అలాగే నిలబడి చూసింది, తర్వాత ఆ సంచిని మడిచి దూడ కింద పరిచింది.

ఆ పడ్డ దూడ లేకుండా ఒక్క చుక్క చేపేది కాదు. బాపు డబ్బాల్లో పాలు తగ్గాయి. అమ్మ ప్రతి పూటా ముందు దూడను విడిచేది, అది తాగినంత తాగాకే చెంబు పట్టుకుని కూర్చునేది.